అభిప్రాయాలకు అరవై రోజులు

వెర్నెల్ కేపర్స్‌కి ప్రభుత్వ ప్రకటనల పిచ్చి ఉందని టాబీ దీవిలో అందరికీ తెలుసు. దీవి గ్రంథాలయానికి ఆవిడే అధికారి, ఆవిడే గుమాస్తా, వాన పడితే కిటికీలు మూసేదీ ఆవిడే. పొద్దున్నే వచ్చి కంప్యూటర్ తెరిచి, ఏ శాఖ ఏ కొత్త నిబంధన పెట్టబోతోందో, దేని మీద జనం అభిప్రాయం అడుగుతోందో వెతికేది. దీవికి సంబంధించింది దొరికితే అచ్చు తీసి, దాని పక్కనే తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో మామూలు మాటల్లో రాసి, గుమ్మం పక్కనున్న ప్రకటనల పలకకి గుచ్చేది.

ఆ పిచ్చికి కారణం ఉంది. ఆవిడ పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, తాతగారి ఏటి ఒడ్డు భూమి వేలానికి వస్తోందన్న ప్రకటన పత్రికలో మూడు వారాలు పడింది. ఇంట్లో అందరూ ఆ పత్రికలోనే చేపలు చుట్టారు. చదివినా అర్థమయ్యే భాష కాదది. భూమి పోయాక ఒక ప్లీడరు ఆ ముక్క చూపించి, "చెప్పారు కదండీ, ఇదిగో" అన్నాడట. వాళ్ల నాన్న ఆ "ఇదిగో" అన్న మాటని బతికున్నన్నాళ్లూ తలుచుకుని కుమిలిపోయాడు.

"ఏమ్మాయ్, ఇవాళ ప్రభుత్వం నీకేం ప్రేమలేఖ రాసింది?" అంటూ రోజూ వచ్చేవాడు సరంగు ఐజాయా మంగిన్. వెర్నెల్ తండ్రికి పినతండ్రి కొడుకు. డెబ్బై నాలుగేళ్లు. యాభై రెండేళ్లుగా రొయ్యల పడవ నడుపుతున్నాడు. పలక ముందు కాసేపు నిలబడి, "నా కళ్లజోడు పడవలో ఉండిపోయింది, నువ్వే చెప్పు" అనేవాడు. ఆవిడ చదివి చెబితే తల పంకించి వెళ్లిపోయేవాడు.

మార్చి నెలలో ఒకరోజు వచ్చిన ప్రకటన మాత్రం పదకొండు పేజీలుంది. అందులో సగం అంకెలూ, సెక్షన్లూ. "పైన పేర్కొన్న" అని ఉన్న ప్రతిచోటా పైన ఏం పేర్కొన్నారో వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. వెర్నెల్ మూడు రోజులు కూర్చుని చదివింది. నాలుగోరోజు పలక మీద ఇలా రాసి పెట్టింది:

"ఇది అవతలి ఒడ్డుకి పోయే మన వంతెన గురించి. ఇప్పుడు పడవ వచ్చి కూత వేస్తే వంతెన లేస్తోంది. ఇకమీదట రోజుకు రెండుసార్లే లేపుతామంటున్నారు, ఉదయం తొమ్మిదికీ సాయంత్రం నాలుక్కీ. రోడ్డు మీద బళ్లు ఆగిపోతున్నాయి, అంబులెన్సు ఆగిపోతోంది, అందుకని. ఇది ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేసే ముందు మనల్ని అడుగుతున్నారు. అరవై రోజుల్లో ఎవరైనా రాయొచ్చు. చదువుతో పనిలేదు, వయసుతో పనిలేదు. రాసిన ప్రతి కారణాన్నీ వాళ్లు చూడాలి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలి."

మధ్యాహ్నానికి రేవంతా గగ్గోలు. సరంగు మంగిన్ చేతుల నుంచి రొయ్యల మంచు నీళ్లు కారుతుండగానే వచ్చాడు.

"రెండుసార్లా? సముద్రమేమన్నా బడి గంట విని వస్తుందా వీళ్లకి?"

"అదే రాయి బాబాయ్."

"రాయడమేంటి, చూపిస్తా. దీవిలో చెయ్యి కదిలే ప్రతి మనిషి చేతా సంతకం పెట్టిస్తా."

అన్నంత పనీ చేశాడు. ఆ పై ఆదివారానికి చర్చి హాల్లో మూడు వందల నలభై సంతకాలతో కాగితం విప్పాడు. పైన ఒకటే వాక్యం: మాకిది వద్దు. ఆడవాళ్లు టమాటాలతో వండిన ఎర్రన్నం, బెండకాయ పులుసు వడ్డిస్తున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెర్నెల్ ఒక్కతే కొట్టలేదు.

"ఏం, నీ ముఖం అలా ఉందేంటి?" అన్నాడాయన.

"బాబాయ్, ఇది ఓట్ల లెక్క కాదు. మూడు వందల మంది ఒకే మాట అంటే వాళ్లకది ఒక మాటే. ఒక్కడే రాసినా, వాళ్లకి తెలియని కారణం చెబితే దానికి జవాబు చెప్పి తీరాలి. వాళ్లు చేతులు లెక్కపెట్టరు, కారణాలు చదువుతారు."

సరంగు కాగితం మడిచాడు.

"నల్లవాళ్లకి ఓటు దక్కనివ్వని రోజుల్లో మా నాన్న ఓటు నమోదుకి వెళ్తే, ఎదురుగా లా పుస్తకం పెట్టి చదవమన్నారు. చదవలేక తిరిగొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. ఐదోసారికి గానీ సంతకం పెట్టనివ్వలేదు. అలా సంపాదించిన సంతకం ఇది. దీనికి విలువ లేదని, ఇంతమందిలో, నా అన్న కూతురు చెబుతోంది నాకు!"

ఆయన పళ్లెం ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. మర్నాడు గ్రంథాలయానికి రాలేదు. వారమంతా రాలేదు.

ఆ వారంలోనే మేనకోడలు కెజాయా వచ్చింది. అంబులెన్సు నడుపుతుంది. యూనిఫాంలోనే వచ్చి, పలక చదివి, కుర్చీలో కూలబడింది.

"అత్తా, నువ్వూ వాళ్లతో కలిసి వద్దనే రాస్తావా?"

"రాస్తాను మరి. మొన్నే మొదలెట్టాను. అన్యాయం, దౌర్జన్యం అని రెండు పేజీలు అయ్యాయి."

"పోయినేడు హేగర్ పెద్దమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు బండిలో ఉన్నది నేనే. వంతెన లేచి ఉంది. పధ్నాలుగు నిమిషాలు అత్తా. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని చూస్తోంది, మాట రావట్లేదు. ఇప్పటికీ రావట్లేదు. ముందుగా చేరి ఉంటే వచ్చేదేమో, నాకు తెలీదు. ఆ ప్రకటనలో అంబులెన్సు పదకొండుసార్లు ఆగిందని రాశారే, అందులో నాలుగుసార్లు నాది."

పిల్ల వెళ్లాక వెర్నెల్ తను రాసిన రెండు పేజీలూ మళ్లీ చదువుకుంది. కోపం చాలా ఉంది. వాళ్లకి తెలియని సంగతి ఒక్కటీ లేదు. అసలు తనకే ఎంత తెలుసు? యాభై ఎనిమిదేళ్లుగా ఆ ఏటి ఒడ్డున ఉంటోంది, పడవకి నీళ్లు ఎప్పుడు చాలుతాయో ఎప్పుడు చాలవో తనకి తెలీదు.

శనివారం తెల్లవారుతుండగా రేవుకెళ్లింది. సరంగు వలలు సర్దుతున్నాడు. ఆవిడని చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

"బాబాయ్, నన్ను ఎక్కించుకో."

"కడుపులో తిప్పితే ఏటవతల దింపేస్తా."

"దింపెయ్."

ఉప్పుటేరు దాటి, లేచిన వంతెన కింద నుంచి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్లారు. మొగలో నీళ్ల రంగు మారినచోట ఆయన ఇంజను నెమ్మది చేశాడు.

"అదిగో, ఆ పచ్చగా ఉన్నదంతా ఇసుకమేట. పోటు మీద దాటొచ్చు. ఆటు మొదలైతే నిండు పడవ దాని మీద కూర్చుంటుంది."

"పోటు తొమ్మిదికి వచ్చిన రోజు వాళ్లు చెప్పిన వేళ సరిపోతుంది కదా?"

"ఆ రోజుకి సరిపోతుంది. రేపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది, ఎల్లుండి ఇంకో యాభై. వారం తిరిగేసరికి అదే తొమ్మిదింటికి ఇక్కడ మోకాలి లోతు. ఇంకొన్ని రోజులు అంతకన్నా చిక్కు. నీళ్లు పన్నెండున్నరకి నిండుతాయి. అప్పుడు తొమ్మిదికీ సగమే, నాలుక్కీ సగమే. వంతెన లేచినప్పుడు నీళ్లుండవు, నీళ్లున్నప్పుడు వంతెన లేవదు. అప్పుడు గాలివాన తిరిగిందనుకో, మేట బయట పడవలన్నీ ఎక్కడికి పోతాయి? మా తమ్ముడు అలా బయట ఉండిపోయే..." అంటూనే చుక్కాని వెనక్కి తిప్పేశాడు.

వెర్నెల్ నోటు పుస్తకంలో గబగబా రాసుకుంది. తిరుగు దారిలో, "ఇదే, ఇలాగే కాగితం మీద పెట్టు బాబాయ్. ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఇది తెలీదు. అందుకే అడుగుతున్నారు" అంది.

ఆయన చుక్కాని మీద చేతులు పెట్టి ముందుకే చూస్తూ అన్నాడు. "నా కళ్లజోడు ఎప్పుడూ పడవలోనే ఎందుకుంటుందో నీకింకా తెలీలేదా? నాకు కళ్లజోడే లేదమ్మాయ్. పేరు రాస్తాను. పడవ పేరు రాస్తాను. అంతే."

ముప్ఫై ఏళ్లుగా ఆయనకి చదివి పెడుతూ కూడా ఆ సంగతి గమనించని తన మీద వెర్నెల్‌కి సిగ్గేసింది. ఒక్క సంతకం మీద ఆయన ఎందుకంత పట్టుబట్టాడో అప్పుడు అర్థమైంది.

"నువ్వు చెప్పు, నేను రాస్తాను. నీ మాట ఒక్కటి కూడా మార్చను" అంది.

"తిట్లు కూడానా?"

"తిట్లు మాత్రం తీసేస్తాను."

"అయితే సగమే మిగులుతుంది" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

ఆ తర్వాత ఆరు వారాలు గ్రంథాలయం వెనక బల్ల ఖాళీగా లేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు. వెర్నెల్ అందరినీ ఒకటే అడిగేది: "నీకు తెలిసి, వాళ్లకి తెలియనిది ఏంటి?" మంచు యంత్రం నడిపే లూథర్, ఎండాకాలం రొయ్య మంచులో ఎన్ని గంటలు నిలుస్తుందో చెప్పాడు. బడి బస్సు నడిపే పెర్లీ, పొద్దున్న ఏ అరగంట వంతెన లేస్తే పిల్లలకి బడిలో పెట్టే టిఫిను దక్కదో చెప్పింది. కెజాయా వచ్చినప్పుడు సరంగు అక్కడే ఉన్నాడు. ఆ పిల్ల పధ్నాలుగు నిమిషాల సంగతి చెబుతుంటే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ రోజు వంతెన లేపించింది నేనేనేమో?" అన్నాడు చివరికి.

"ఎవరైతేనేం తాతయ్యా. వంతెన మనిషికి ముందే తెలిస్తే లేపేవాడే కాదు. మా బండి బయల్దేరగానే రేడియోలో చెబితే చాలు."

"అది రాయి. ముందు అదే రాయి" అన్నాడాయన.

వెర్నెల్ తన పాత రెండు పేజీలూ చింపేసి కొత్తగా రాసింది. పోటుకి ముందు రెండు గంటలూ, తర్వాత రెండు గంటలూ కూత వేస్తే లేపాలి. బడి వేళ లేపొద్దు. అంబులెన్సు కబురు వస్తే దించి ఉంచాలి. ఆపదలో ఉన్న పడవకి ఏ వేళైనా దారివ్వాలి. గడువుకి రెండు రోజుల ముందు నలభై ఒక్క అభిప్రాయాలు వెళ్లాయి. కొన్ని కంప్యూటర్లో, తక్కినవి రిజిస్టరు పోస్టులో.

ఏడు నెలలు ఏ కబురూ లేదు. "నీ ప్రియుడు జవాబు రాయలేదా?" అని సరంగు అడుగుతూనే ఉన్నాడు. వెర్నెల్ కూడా లోపల్లోపల ఆశ వదులుకుంటోంది. డిసెంబరులో తుది నిబంధన వచ్చింది. ఆవిడ ఒకసారి చదివి, తలుపు గడియ పెట్టుకుని, మళ్లీ చదివింది. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చర్చి హాల్లో కాగితాలతో నిలబడింది.

"ఇందులో పేర్లు లేవు. ఒకరు ఇలా రాశారు, ఒకరు అలా రాశారు అనే ఉంది. వినండి. 'ఎండాకాలంలో పట్టిన సరుకు ఎంతసేపు నిలుస్తుందో ఒకరు గంటలతో సహా తెలిపారు. ఈ సమాచారం మా దగ్గర లేదు.'"

వెనక వరసలో లూథర్ లేచి నిలబడ్డాడు. "అది నేను" అన్నాడు, తనకే నమ్మకం కలగనట్టు.

"'బడి వేళల గురించి ఒకరు రాసినది సమంజసమని భావించి అంగీకరిస్తున్నాం.'"

"నేనే!" పెర్లీ కుర్చీ దభాల్న వెనక్కి పడింది. అందరూ ఘొల్లుమన్నారు.

"'అంబులెన్సు బయల్దేరిన వెంటనే వంతెన నిర్వాహకుడికి రేడియోలో తెలపాలన్న సూచన మొదటి ప్రతిపాదన కన్నా మెరుగైనది.'" కెజాయా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచింది. పక్కన చక్రాల కుర్చీలో ఉన్న హేగర్ పెద్దమ్మ ఆ పిల్ల చొక్కా అంచు పట్టుకుని లాగి, నవ్వింది.

ఒక్కొక్కరే లేస్తున్నారు. వాళ్లు ఒప్పుకోని సంగతులు కూడా వెర్నెల్ దాచకుండా చదివింది. రెండు గంటలు అడిగితే గంటన్నర ఇచ్చారు. ఆదివారం వంతెన మనిషిని అదనంగా పెట్టమంటే కుదరదన్నారు, అందుకు మూడు కారణాలు చెప్పారు. చివరి పేజీ తిప్పి ఆవిడ ఇంకాస్త నెమ్మదిగా చదివింది.

"'యాభై రెండేళ్ల అనుభవం గల ఒక సరంగు, పోటు ప్రతిరోజూ యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుందనీ, కాబట్టి గడియారం ప్రకారం పెట్టిన ఏ వేళా ఈ ఏటికి పనికిరాదనీ వివరించారు. మేము ఆటుపోట్ల పట్టికలతో సరిచూశాం. ఆయన చెప్పింది నిజం. అందువల్ల మా మొదటి ప్రతిపాదనను ఉపసంహరించుకుని, వంతెన వేళలను పోటును బట్టి నిర్ణయిస్తున్నాం.'"

అందరూ ఆయన వైపు తిరిగారు. సరంగు మంగిన్ లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"మళ్లీ చదువమ్మా" అన్నాడు.

చదివింది.

"ఆ మధ్య మాట. పట్టికలతో సరిచూశాం తర్వాతది."

"'ఆయన చెప్పింది నిజం.'"

అప్పుడు లేచాడు. పడవ మీద నిలబడ్డట్టే కాళ్లు ఎడంగా పెట్టి, వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాడు. హాల్లో కూర్చున్నవాళ్లంతా లేచారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ నెమ్మదిగా పాట ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. వెర్నెల్ పాడలేకపోయింది. కాగితాలు గుండెకి ఆనించుకుని, నాన్న ఉంటే బాగుండేదనుకుంది.

కొత్త వేళలు జనవరి మొదటి సోమవారం అమల్లోకి వచ్చాయి. ఆ రోజు పోటు పదకొండుకి. తొమ్మిదిన్నర దాటగానే సరంగు పడవ కూత వేసింది, వంతెన లేచింది. ఒడ్డున సగం దీవి నిలబడి చూసింది. పడవ దాటాక వంతెన దిగింది. ఆగిన బళ్లు కదిలాయి.

మర్నాడు పొద్దున్నే ఆయన గ్రంథాలయానికి వచ్చాడు.

"ఆ ఆదివారం సంగతి కాదన్నారు కదా, దానికి మళ్లీ రాయొచ్చా?"

"రాయొచ్చు బాబాయ్, ఎప్పుడైనా అర్జీ పెట్టుకోవచ్చు."

"అయితే కూర్చో. వాళ్లు చెప్పిన మూడు కారణాల్లో రెండోది తప్పు" అని కుర్చీ లాక్కున్నాడు.