టైలర్ మాస్టారి అడవి పరీక్ష

ఆగస్టు పద్నాలుగు, గురువారం. ఆ మధ్యాహ్నం టైలర్ మాస్టారింట్లో తిన్నది కోడిగుడ్డు అట్టు, పొద్దుటి రొట్టె. అట్టు ఒక పక్క మాడింది. మాడిన పక్కని మాస్టారు తన కంచంలో కిందికి తిప్పి పెట్టుకున్నాడు. ఆ తేదీ ఆయనకి అంత గట్టిగా గుర్తుండిపోవడానికి కారణం మాత్రం అట్టు కాదు. అది తింటూ తింటూ కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది.

కూతురిది పిట్టల్ని లెక్కపెట్టే ఉద్యోగం. ఏడాదికోసారి, గూళ్లలో పిల్లలుండే రోజుల్లో, నలుగురు కలిసి మూడు రోజులు అడవిలో నడిచి గూళ్లు లెక్క రాసుకుని రావాలి. అక్కడ ఫోను పలకదు. రోడ్డుకి రావాలంటే ఒక రోజు నడక. అందుకని ఆఫీసులో ఒక రూలుంది. నలుగురిలో ఒకరైనా అడవిలో చేసే ప్రథమ చికిత్స నేర్చుకుని, సర్టిఫికెట్ తెచ్చుకుని ఉండాలి. ఆ సర్టిఫికెట్ ఉన్న డ్రైవరు బదిలీ అయిపోయాడు. మిగతా ఇద్దరూ పరీక్ష అన్న మాట వినపడగానే సెలవు చీటీ రాసే రకం.

"ఇంకో పదహారు రోజులే నాన్నా. ఈలోపు ఎవరూ దొరక్కపోతే ఈ ఏటి లెక్క లేనట్టే. పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూళ్లు చూసి ఏం చేస్తాం? ఆరేళ్ల పనికి నడిమధ్యన చిల్లు."

"నువ్వే నేర్చుకోకూడదూ?"

కూతురు తలెత్తి ఆయన వంక చూసింది. అడిగినందుకు ఆయనే నాలిక్కరుచుకున్నాడు. టైలరింట్లో పుట్టి, వేలికి సూది గుచ్చుకుంటే నిలువునా కూలిపోయే పిల్ల అది. ఒకసారి టమాటా రసం ఒలికితే కూడా, అదేమిటో తేలేదాకా గోడ పట్టుకుని నిలబడింది.

"బయటివాళ్లు రావచ్చా?"

"రావచ్చు. కాళ్లుండాలి, సర్టిఫికెట్ ఉండాలి."

"కాళ్లున్నాయి," అన్నాడు మాస్టారు. నలభై ఏళ్లు కుట్టు మిషను తొక్కిన కాళ్లు మరి.

ఆ సాయంత్రమే కూతురు ఆయన పేరు ఆన్‌లైన్ శిక్షణలో చేర్పించింది. పది పాఠాలు, చివర వీడియో పరీక్ష. కొట్టు కట్టేశాక మాస్టారు దారపు ఉండల పెట్టెకి ఫోను ఆనించుకుని కూర్చునేవాడు. నోట్సు రాయడానికి కొలతల పుస్తకం తప్ప ఇంకోటి దొరకలేదు. బ్యాంకు మేనేజరు నడుము ముప్పై ఎనిమిది కింద "తేలు కుడితే గాటు పెట్టరాదు" అని, పెళ్లికొడుకు కోటు భుజం కొలత పక్కన "ముందు చుట్టూ చూడు, తర్వాతే దగ్గరికి వెళ్లు" అని రాసుకున్నాడు.

పై వాటాలో ఉండే అక్క రోజూ ఒకసారి దిగొచ్చి తొంగిచూసి పోయేది.

"ఒరేయ్, అరవై రెండేళ్లకి అడవిలో వైద్యమేమిట్రా? నిన్ను మోసుకొచ్చేవాళ్లకి ఎవరు చేస్తారు వైద్యం?"

"నీకెందుకక్కా అంత బెంగ?"

"నాకు బెంగ లేదు. నా జాకెట్లు నాలుగు నీ దగ్గరున్నాయి. అవి కుట్టిచ్చి పో."

అలా అన్నదే గాని, పరీక్షకి రోగి కావాలనగానే మొదట చెయ్యెత్తింది ఆవిడే. బండరాయి మీంచి జారిపడి, మడమ విరిగి, సగం స్పృహలో ఉన్న మనిషిగా చాప మీద పడుకోవాలి. మాస్టారు అడవిలో చేతికందే సరంజామాతో, అంటే రెండు కర్రలు, ఒక గుడ్డ, ఒక తువ్వాలు, ఒక కత్తెరతో, పదిహేను నిమిషాల్లో కట్టు కట్టాలి. కూతురు ఫోను పట్టుకుంటుంది. అవతల టీచరమ్మ చూస్తుంటుంది.

ఇరవయ్యో తేదీన మొదటి పరీక్ష. మాస్టారు చుట్టూ చూశాడు. ఊపిరి చూశాడు. కాలి వేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో చూశాడు. అంతా బాగానే ఉంది. తర్వాత అలవాటు కొద్దీ మెడలోని టేపు తీసి అక్క మడమ కొలిచాడు. ఒకటికి రెండుసార్లు కొలిచాడు. గుడ్డ మీద సుద్దతో గీత గీశాడు. కత్తిరించాడు. కత్తిరించిన అంచు పోగులు పోతుంటే ఆయన ప్రాణం ఒప్పలేదు. సూదిలో దారం ఎక్కించి, అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టాడు.

"ఇంకా ఎంతసేపురా? కాలు తిమ్మిరెక్కింది," అంది రోగి.

ఆయన నోట్లో గుండుసూదులున్నాయి. "ఊఁ" అన్నాడు.

"నువ్వు సగం స్పృహలో ఉన్నావత్తా, అంతలా మాట్లాడకూడదు," అంది కూతురు ఫోను వెనకనుంచి.

"పూర్తిగా స్పృహ తప్పినా నేను మాట్లాడతానే. మీ మావయ్యనడుగు."

నలభై ఒకటో నిమిషంలో కట్టు పూర్తయింది. ఎంత బాగుందంటే, అక్క విప్పడానికి ఒప్పుకోలేదు.

టీచరమ్మ కట్టుని ఫోనుకి దగ్గరగా పెట్టించి చూసింది. తర్వాత, "మాస్టారూ, ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇంత అందమైన కట్టు చూళ్లేదు," అంది. "దీనికి గుండీలు కూడా పెడతారేమో అని కూర్చున్నాను. కానీ అడవిలో ఈలోపు చీకటి పడిపోతుంది. ఇంకో సంగతి. మీరు రోగితో ఒక్క మాట మాట్లాడలేదు. దెబ్బ తగిలినవాళ్లకి నొప్పి కంటే భయం ఎక్కువ. చేతులు పని చేస్తుంటే నోరు ధైర్యం చెప్పాలి. ఇంకొక్క అవకాశం ఉంది, ఇరవై ఏడున. అదీ పోతే మళ్లీ మూడు నెలల తర్వాతే."

ఆ రాత్రి మాస్టారికి అన్నం సయించలేదు. వేగం గురించి ఆయనకి బెంగ లేదు, పెళ్లిళ్ల సీజన్లో పెంచుకోలేనిదా? కానీ మాట? నోట్లో గుండుసూదులు పెట్టుకుని నలభై ఏళ్లు బతికినవాడికి పనిచేస్తూ మాట్లాడటం చేతకాదు. భార్య చివరి నెల ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆమె జాకెట్లకి ఊడిన హుక్కులన్నీ కుట్టాడు. ఒకరోజు ఆమె, "ఏమైనా మాట్లాడరాదూ," అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, "తెల్లదారం అయిపోయింది," అన్నాడు. ఆమె అంత నీరసంలోనూ నవ్వింది. నవ్వింది కదా అని ఇన్నాళ్లూ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

ఇరవై ఏడున గుండుసూదుల డబ్బా కూతురు తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. టేపు అక్క లాక్కుంది. పరీక్ష మొదలైంది. మాస్టారు గుడ్డ సర్రున కత్తిరించాడు, కొలవలేదు, అంచు కుట్టలేదు. కత్తెర పక్కన పడేసి, "అక్కా, ఇప్పుడు నీ కాలు... కాలు..." అన్నాడు. ఆ తర్వాత మాట పెగల్లేదు.

తమ్ముడి అవస్థ చూడలేక అక్క కాస్త లేచి కూర్చోబోయింది. ఆనుకోవడానికి వెనక్కి పెట్టిన అరచెయ్యి సరిగ్గా కత్తెర మొన మీద పడింది.

"అమ్మో!"

అరచేతిలోంచి రక్తం చాప మీదికి కారింది. కూతురు ఆ చెయ్యి చూసింది, "నాన్నా" అంది, గోడకి జారగిలబడి అలాగే నేల మీదికి వాలిపోయింది. ఫోను ఎగిరి వెల్లకిలా పడింది.

"హలో? మాస్టారూ, నాకు ఫ్యాను కనిపిస్తోంది. ఏం జరిగింది?" ఫోను అడుగుతోంది. వినేవాళ్లు లేరు.

మాస్టారు కొలతల పుస్తకంలో రాసుకున్నవేవీ గుర్తు చేసుకోలేదు. ముందు కత్తెరని కాలితో దూరంగా నెట్టాడు. ఉతికిన తువ్వాలు మడిచి అక్క అరచేతిలో పెట్టాడు.

"అక్కా, ఇది గట్టిగా నొక్కి పట్టు. ఇంకా గట్టిగా. చెయ్యి పైకెత్తు, బస్సు ఆపుతున్నట్టు. తీసి చూడకు, ఎంత కారిందో తర్వాత చూద్దాం. నొప్పిగా ఉందా? తిట్టు, పరవాలేదు."

"తిడుతూనే ఉన్నాన్రా, నీ కత్తెర పాడుగాను!"

"అదీ! అలాగే తిడుతుండు, నీ ఊపిరి బాగుందని నాకు తెలుస్తుంది."

అంటూనే కూతుర్ని వెల్లకిలా పడుకోబెట్టాడు. ముక్కు దగ్గర చెవి పెట్టి విన్నాడు. కాళ్లు ఎత్తి మిషను ముందరి స్టూలు మీద పెట్టాడు.

"ఏం లేదు తల్లీ, నాన్న ఇక్కడే ఉన్నాడు. తల నేలకేమీ తగల్లేదు, నేను చూశాను, మెల్లిగా వాలావు. ఇదిగో, మెడ దగ్గర గుండీ తీస్తున్నాను. ఈ చొక్కా నేను కుట్టిందే, నీ మొదటి జీతానికి. కాలరు కొంచెం బిగువు పెట్టాను, అప్పుడే అనుకున్నాను. కళ్లు తెరుస్తున్నావా? తొందరేం లేదు. లేవకు. అక్కా, ఆపేశావేం?"

"తిట్లు అయిపోయాయిరా."

"మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టు."

కూతురు కళ్లు తెరిచింది. "అత్త చెయ్యి..." అని అటు తిరగబోతే, ఆయన తన ఒళ్లు అడ్డం పెట్టాడు.

"అటు చూడకు. నన్ను చూడు. ఎన్ని గూళ్లు రాసుకొచ్చావు పోయినేడు?"

"నూట... నూట పన్నెండు."

"అందులో పెద్దది ఎవరిది? అది చెప్పు నాకు."

ఆమె మెల్లిగా చెప్పడం మొదలుపెట్టింది. వింటూనే, మధ్యమధ్య ఊఁ కొడుతూనే, ఆయన అక్క చేతికి తువ్వాలు మీదుగా గుడ్డ చుట్టి ముడి వేశాడు. గుడ్డ అంచులు పోగులు పోగులుగా వేలాడుతున్నాయి. ఆయన వాటి వంక చూడను కూడా లేదు. అక్క గోళ్లు నొక్కి, రంగు తిరిగొస్తోందని, కట్టు మరీ బిగుసుకోలేదని చూసుకున్నాడు.

అప్పటికి గాని ఆయనకి ఫోను గుర్తు రాలేదు. తీసి చూస్తే టీచరమ్మ ఇంకా అక్కడే ఉంది.

"అమ్మా, క్షమించాలి. పరీక్ష పాడైపోయింది," అన్నాడు. "మా అమ్మాయి పని..."

"ముందు ఇద్దరూ ఎలా ఉన్నారో చెప్పండి."

చెప్పాడు. గాయం లోతు ఎంతో, రక్తం ఎప్పుడు ఆగిందో, పిల్ల ఎంతసేపట్లో తెలివిలోకి వచ్చిందో, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. కుట్టు పడుతుందేమో, ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళతానన్నాడు.

"కత్తెర కింద పడేసినందుకు మార్కులు కోస్తాను. మొట్టమొదటి పాఠమే అది," అంది టీచరమ్మ. "కట్టు మీకు వచ్చని పోయినసారే చూశాను. ఈసారి నేను చూసింది ఫ్యానొక్కటే. కానీ ఆరు నిమిషాలు విన్నాను మాస్టారూ. నాకే దెబ్బ తగిలితే ఆ గొంతు పక్కన ఉంటే బాగుండుననిపించింది. సర్టిఫికెట్ రేపు పంపిస్తాను. వెళ్లిరండి."

అక్క అరచేతికి మూడు కుట్లు పడ్డాయి. "నువ్వేస్తే ఇంకా సన్నగా వేసేవాడివి," అని తమ్ముడి చెవిలో చెప్పింది, డాక్టరుకి వినపడేంత గట్టిగా.

ఇరవై తొమ్మిదిన ఎనిమిదిన్నరకే పడుకోవాలని కూతురు ఆజ్ఞ. తెల్లవారుజామున బండి వస్తుంది. సంచులు కట్టేశారు. మాస్టారు మంచం మీద వాలాడు గాని, రెండు రోజుల కిందట తెరిచిన నోరు ఇంకా మూతపడలేదు. బొబ్బలొస్తే చిదమకూడదు అన్నాడు. తడి మేజోళ్లతో నడవకూడదు అన్నాడు. గుమ్మంలో నిలబడి కూతురు అన్నిటికీ ఊఁ కొట్టింది.

"నాకేమైనా అయితే నువ్వు రక్తం చూడకు. వెనక్కి తిరిగి నిలబడు, ఏం చెయ్యాలో నేనే చెబుతుంటాను. మీ అమ్మతో ఆసుపత్రిలో అప్పుడు కూడా నేను ఇలాగే మాట్లాడి..."

కూతురు ఊఁ అంది. తర్వాతి మాట రాలేదు. ఆయన ఛాతీ మెల్లగా లేచి పడుతోంది. వాక్యం మధ్యలోనే నిద్రపోయాడు.

మిగిలిన సగం వస్తుందేమోనని ఆమె కాసేపు నిలబడింది. తర్వాత దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.