బండి వెనక చేతులు

మళ్ళీ ఏడుస్తోంది, ఎంత ఏడ్చినా ముక్కు ఎర్రబడదు మారెన్‌కి, అదేం అదృష్టమో, బ్రిన్లీ ఏడిస్తే మొహమంతా వాచిపోతుంది, అయినా పూర్వీకుల్లా చేతిబండ్లు లాగుతూ నడిచే ఈ చర్చి యాత్రలో నాలుగు రోజులుగా తనకి ఏడుపు వస్తేగా, సొంత పిన్ని కూతురే, ఇద్దరికీ పదిహేనేళ్లే, ఒకే చర్చి బెంచీ మీద పెరిగారు, మరి దేవుడు ఆ చివర పిల్లతో మాట్లాడి ఈ చివరికి వచ్చేసరికి నోరు మూసుకుంటాడేం, వ్యోమింగ్ ఎండలో అందరి కాళ్లూ బొబ్బలెక్కాయి, అందరూ అదే చప్పిడి ఓట్స్ జావ తాగారు, ఇప్పుడు సేజ్ పొదల మధ్య గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరే లేచి దేవుడు తమకేం చేశాడో సాక్ష్యం చెబుతున్నారు, మారెన్ లేచింది, నిన్న కొండెక్కేటప్పుడు మా బండిని వెనకనుంచి ఎవరో తోశారు అంటోంది, మనిషి కాదు, నాకు తెలుసు, మా ఇంగెబోర్ అవ్వే వచ్చింది అంటోంది.

ఇంగెబోర్ కూడా ఆమెదేనా, నూట అరవై ఏళ్ల కిందట మంచులో ఇలాంటి బండినే లాక్కుంటూ ఈ దారిన నడిచిన అవ్వ, ఇద్దరికీ అవ్వే, యాత్రలో ఒక్కొక్కరూ ఆనాటివాళ్లలో ఒకరి పేరు చేతికి కట్టుకుని నడవాలి, ఆ పేరు రాసిన పట్టీ నేను కట్టుకుంటానంటే అమ్మమ్మ నవ్వింది, అది ముందే అడిగేసిందే, నువ్వు నోరు తెరిచేసరికి బస్సు వెళ్లిపోతుంది అంది, బ్రిన్లీ చేతికి ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ పేరు కట్టారు.

తోసింది అవ్వ కాదు, నేను, ఆనాడు మగవాళ్లని యుద్ధానికి పిలిచినట్టుగా నిన్న మగపిల్లల్ని పక్కకి తప్పించారు, వాళ్లు దారికి అటూ ఇటూ టోపీలు తీసి తలలు దించుకుని నిలబడ్డారు, ఆడపిల్లలే లాగాలి, పైకి చేరేదాకా ఎవరూ నోరెత్తకూడదు, బ్రిన్లీ బండి పైకి చేరింది, కింద మారెన్ బండి ఇసుకలో దిగబడింది, వెనక తోసే ఇద్దరూ ఎండకి తూలి పొద పక్కన కూలబడి కళ్లు మూసుకున్నారు, మారెన్ ఒక్కతే ముందు అడ్డకర్రకి వేలాడుతోంది, బ్రిన్లీ కొండ దిగి వెళ్లి చేతులూ భుజమూ ఆనించి తోసింది, ఆడపిల్లల తలలకి కట్టిన ఆ పాతకాలపు బోనెట్టు టోపీ అంచులు గుర్రానికి కట్టే గంతల్లాంటివి, మారెన్‌కి పక్కనున్నదే కనిపించదు, ఇంక వెనకేం కనిపిస్తుంది, మాట్లాడకూడదు కనక నేనే అని బ్రిన్లీ అనలేదు, పైకి చేరగానే నీళ్ల పీపా దగ్గరికి పోయింది.

ఈ నాలుగు రోజులూ వీళ్ల గుంపుకి అమ్మగా ఉన్న సిస్టర్ టోల్మన్ వంగి, నువ్వూ లేస్తావా తల్లీ, భయమేం లేదు, అందరూ మనవాళ్లే అంది, బ్రిన్లీ నిజంగానే లేచింది, ఒక్క మాట చాలు, ఆ దేవదూత అరచేతిలో చెక్క పేళ్లు దిగాయి, కావాలంటే చూడండి, అంతే, అందరూ గొల్లున నవ్వుతారు, మారెన్ మొహం ఎలా అవుతుందో, ఇంతలో మారెన్ బ్రిన్లీ పావడా అంచు లాగి గుసగుసగా, చెప్పవే, నీక్కూడా ఏదో ఒకటి జరగాలని రోజూ ప్రార్థన చేశాను తెలుసా అంది, చేసే ఉంటుంది, ప్రార్థన కూడా ఆమెదే, ఇంక చెప్పేయాల్సిందే, నేనే తోశాను, ఎందుకు దిగావు అని అడిగితే?

ఎందుకు దిగింది, జాలా, మారెన్ మీద జాలేమిటి, మెప్పు కోసమా, చూసినవాళ్లే లేరు, దిగాలని అనుకున్నట్టే గుర్తులేదు, కాళ్లు దిగాయి, చక్రం కదిలింది, ఇంకో చుట్టు, ఇంకొక్క చుట్టు, బ్రిన్లీ ఆ కొండనంతా మళ్ళీ మనసులో వెతికింది, కింద ఇసుక దగ్గర, మధ్యలో రాళ్ల దగ్గర, పైన గాలి తగిలిన చోట, చిన్నప్పటినుంచి పంటి కింద రాయిలా ఉన్న ఆ ఈర్ష్య ఎక్కడా లేదు, అక్కడ ఒక్క క్షణం కూడా లేదు, అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు, ఆ రాయిని తన చేతులతో తనెప్పుడూ తీసి పారేయలేకపోయిందని ఆమెకి తెలుసు, నిన్న కొండ మీద ఎవరో తీశారు.