నాలుగో శీలం

మా ఆయన పంచశీలాలు పుచ్చుకున్నప్పటి నుంచి చిక్కపేటలో ఎలుకలకు మంచి రోజులొచ్చాయి. బోనులో పడ్డ ఎలుకను బోనుతో సహా చంకన పెట్టుకుని, ధర్మాంబుధి మైదానం దాకా నడిచిపోయి, అక్కడ తలుపు తీసి వదిలిపెట్టి వచ్చేవాడు. అది ఆయన కంటే ముందే మా అంగడికి వచ్చి చేరుతుందని నా నమ్మకం. ఆ మాట అంటే నవ్వేవాడు కానీ మర్నాడు మళ్ళీ బోను ఎత్తుకునేవాడు.

ఆయన పేరు వెంకటగిరియప్ప. ముందు బట్టలంగడి, వెనక ఇల్లు, ఇదే మా సంసారం. మా ఒక్కగానొక్క కూతురు పాపక్క కాన్పులో పోయాక ఆయనకు నిద్ర కరువైంది. కన్ను మూస్తే దాని కేక వినిపిస్తుందనేవాడు. తెల్ల సోల్జర్లుండే దండు పక్క ఒక చిన్న హాలులో బౌద్ధ భిక్షువు ఒకాయన బోధ చేస్తున్నాడని ఎవరో చెబితే వెళ్ళాడు. వెళ్ళి శీలాలు పుచ్చుకుని వచ్చాడు. నేను పుచ్చుకోలేదు. నా నోటికి అంత కట్టుబాటు పనికిరాదు.

అప్పుడప్పుడు తోడు వెళ్ళేదాన్ని. ఆ భిక్షువు అరవం కలిసిన తెలుగులో చెప్పినవాటిలో నా బుర్రకెక్కింది ఒక్కటే. వైద్యుడు ముందు రోగం ఉందని చెబుతాడట. ఎందుకొచ్చిందో, తగ్గుతుందో లేదో, ఏ మందు తాగాలో ఆ తర్వాత చెబుతాడట. దుఃఖం విషయంలో బుద్ధుడు చేసింది కూడా ఆ పనేనట. రోగం లేదని దాచుకునేవాడికి మందు ఎవరూ ఇవ్వలేరన్నాడు. ఇందులో నాకు వంక పెట్టడానికేమీ కనబడలేదు.

చంపను, దొంగిలించను, పరాయి ఆడదాని జోలికి పోను, అబద్ధమాడను, తాగను. ఇవీ అయిదు శీలాలు. మొదటిది ఎలుకల వల్ల కష్టమైంది. నాలుగోది బట్టల వ్యాపారికి ఎంత కష్టమో వేరే చెప్పాలా? "ఈ రంగు నిలవదమ్మా, ఒక్క ఉతుకుకే పోతాది" అని గిరాకీలను ఆయనే వెనక్కి పంపుతుంటే నేను వెనకింట్లో పళ్ళు నూరుకునేదాన్ని. తీరా చూస్తే జనం పక్క అంగళ్ళలో కొన్న చీరలు కూడా తెచ్చి ఆయనకు చూపించి అడగడం మొదలుపెట్టారు. వెంకటగిరియప్ప అన్నాడంటే వీధిలో ఇంక ఎదురుమాట లేదు.

అది యుద్ధం నడుస్తున్న కాలం. మాఘమాసం, వరసగా ముహూర్తాలు. పేట అవతలి వైపు ఎలుకలు పడుతున్నాయని పుకారు లేచింది. ఎలుక పడిందంటే మా ఊళ్ళో అందరికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరూ కొట్టకుండా, ఏ పిల్లీ పట్టకుండా ఎలుక తనంతట తాను చచ్చి పడితే, దాని వెనకే ప్లేగు వస్తుంది. ఎలుక పడితే వెంటనే చెప్పాలని మునిసిపాలిటీ వాళ్ళు టముకు వేయించారు. చెబితే ఆ వీధి ఖాళీ చేయిస్తారు. అంగళ్ళకు తాళాలు వేసి పొగ పెడతారు, జనాన్ని ఊరి బయట షెడ్లకు తోలుతారు.

సరిగ్గా అప్పుడే మా ఆయనకు ఏదో అయింది. అన్నం ముందు కూర్చుని సగంలో లేచేవాడు. చేతులు కడిగినవాడు కడుగుతూనే ఉండేవాడు. బోను పెట్టడం మానేశాడు. గిరాకీ చీర అడిగితే పంచె అందించేవాడు. పూటపూటకూ పక్కింటి గుమ్మం దగ్గరకు పోయి, "కెంపమ్మా, తల్లీ బిడ్డా బాగుండారా?" అని అడిగి వచ్చేవాడు.

పక్కింటి కెంపమ్మ పూలు కట్టి అమ్ముతుంది, మొగుడు లేడు. కూతురు శాంత పురిటికి వచ్చి మగబిడ్డను కన్నది, ఇంకా పురుడు కూడా వెళ్ళలేదు. మా అంగడి గోడకు అవతలి పక్కనే ఆ పిల్ల పడుకునే గది. మా పాపక్క గుర్తొచ్చి ఈయన ఇలా తిరుగుతున్నాడనుకున్నాను. "బాలింతను నువ్వు చూడాల్సిన పనిలేదు, అంగడి చూసుకో" అని ఎగతాళి కూడా చేశాను.

మాఘ పున్నమి వచ్చింది. ఆ సాయంత్రం హాలులో అందరూ శీలాలు మళ్ళీ పైకి చెప్పాలి. నేనూ వెళ్ళి ఆడవాళ్ళ పక్కన కూర్చున్నాను. భిక్షువు ఒక్కొక్కటే చెబుతుంటే అందరూ అందుకుంటున్నారు. మా ఆయన గొంతు పెద్దది, ఎంతమందిలో ఉన్నా నాకు విడిగా వినిపిస్తుంది. మూడు శీలాల దాకా వినిపించింది. "ముసావాదా వేరమణీ" అని నాలుగోది మొదలుపెట్టగానే ఆ గొంతు ఆగిపోయింది. తిరిగి చూస్తే లేచి బయటికి నడుస్తున్నాడు.

వెనకే పరుగెత్తాను. వీధిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తున్నాడు.

"మన అంగట్లో ఎలక పడిండాది" అన్నాడు.

"ఎప్పుడు?"

"మొన్న పొద్దున. బట్టల మూటల వెనకాల. నీళ్ళు తాగను వచ్చినట్ల కుండ పక్కన పడిండె. గుడ్డలో చుట్టి కాల్చేస్తి."

"మొన్న పడితే ఈ పొద్దు చెప్తావా? గోడ అవతల పచ్చి బాలింత ఉండాది కదప్పా."

"ఆ బిడ్డ కోసరమే చెప్పలేదే. ఈ చలిలో షెడ్డులో పెడితే పసిగుడ్డు బతుకుతుందా? నేనేమీ అబద్ధమాడలేదు. నన్ను ఎవురూ అడగలేదు."

"నీ అంగట్లో ఎలక పడిందా అని ఊరంతా వచ్చి అడగాల్నా నిన్ను? నిజం చెప్పు. బిడ్డ కోసరమా, అంగడి కోసరమా?"

"మొదట అంగడే గుర్తొచ్చె" అన్నాడు. "ముహూర్తాలు పోనీ, తర్వాత చెప్దామనుకుంటి. బిడ్డ మాట ఆమీద తట్టింది. అది పట్టుకుని ఉండిపోతి."

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఎలుకను చంపనని మైళ్ళు నడిచిన మనిషి ఇతనేనా అనిపించింది. కానీ ఆ ముఖం చూస్తే, ఈ రెండు రోజులూ ఆయన నిలబడలేక, కూర్చోలేక ఎంత యాతన పడ్డాడో కూడా తెలిసింది. ఇంక తిట్టడానికి మనసు రాలేదు.

"రోగం ఉందని మొదట చెప్పాలన్నాడు కదా మీ స్వామి. నడువు, చెప్దాం" అన్నాను.

జట్కా దొరకలేదు. దండు నుంచి పేటకు దాదాపు పరుగున వచ్చాం. ఆయన ఇంటికి కూడా పోలేదు, తిన్నగా కెంపమ్మ తలుపు కొట్టాడు. ఆమె చేతిలో సగం కట్టిన దండతో తలుపు తీసింది.

"కెంపమ్మా, మా అంగట్లో మొన్న ఎలక పడింది. నేను దాచిపెడితిని. నువ్వు శాంతనూ బిడ్డనూ తీసుకుని ఇప్పుడే ఈ ఇల్లు వదలాల. నేనిప్పుడే మునిసిపాలిటీకి పోయి చెప్తా."

కెంపమ్మ దండ గడప మీద పెట్టింది. పెట్టి, ఆయన్ను కాకుండా నన్ను చూసి మాట్లాడింది.

"మా అటక మీద కూడా ఒకటి పడిండాది అక్కా, నిన్న. బిడ్డను ఎత్తుకుని మా పుట్టింటికి పోదామని మూట కూడా కట్టుకుంటి. మళ్ళా ఆలోచిస్తి. గోడకు ఇవతల మాకు పడితే అవతల మీకూ పడాల కదా. మీకు పడుంటే అన్న చెప్పకుండా ఉంటాడా? ఆయన చీర రంగు గురించే అబద్ధం చెప్పని మనిషి. ఆయన చెప్పలేదంటే ఇది ఏదో పిల్లి కొరికిన ఎలకేలే అని మూట విప్పేస్తి. అన్నను చూసే ధైర్యంగా ఉండిపోతిని."

మా ఆయన గోడ పట్టుకుని ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. కూతురు పోయిన రోజు కూడా ఆయన అలా కూర్చోలేదు. నాకు ఆయన మీద జాలి పడే తీరిక లేదు.

"లే. ఏడ్చేది ఆమీద. పోయి డాక్టరును పిల్చుకురా, మునిసిపాలిటీలో చెప్పు" అన్నాను.

లేచాడు. దారిలో ఎదురైన ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "ఎలక పడింది, ఇల్లు వదలండి" అని చెప్పుకుంటూ పోయాడు. ఆ గొంతు వీధి చివరిదాకా నాకు వినిపిస్తూనే ఉంది.

నేను లోపలికి వెళ్ళాను. చాప మీద పసివాడు కాళ్ళు ఆడిస్తున్నాడు. ఎత్తుకుని చూశాను, ఒళ్ళు మామూలుగానే ఉంది. పక్కన శాంత గోడ వైపు తిరిగి దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఇంత గొడవ జరుగుతున్నా కదల్లేదు.

"మధ్యాహ్నం నుంచి దానికి ఒళ్ళు కాలిపోతా ఉండాది" అంది కెంపమ్మ నా వెనక నిలబడి. "పాలు గడ్డకట్టి వచ్చిన జ్వరమే కదా అక్కా? మీ పాపక్కకు నువ్వు అన్నీ చూసిండేదానివి. పాల జ్వరమే కదా?"

నేను ఏ శీలమూ పుచ్చుకోలేదు. ఏ స్వామి ముందూ ఏ మాటా ఇవ్వలేదు. అవునని ఒక్క మాట అంటే ఆ తల్లి డాక్టరు వచ్చేదాకానైనా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదు కెంపమ్మా" అన్నాను. "నాకు భయంగా ఉండాది."