ఆలస్యానికి కారణం

జక్రయ్యకు ఊళ్లో ఇంకో పేరుంది, లా పాయింటు జక్రయ్య. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, ఆయనే. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఇరవై రెండేళ్లుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తున్నాడు. ప్లీడర్లకంటే తనకే ఎక్కువ తెలుసని ముందు తాను నమ్మాడు, తర్వాత జనాన్ని నమ్మించాడు. చదివింది పదో తరగతి. అదీ రెండో దండయాత్రలో గట్టెక్కింది.

అలాంటి మేధావి ఆ ఏడాది సొంత దస్తావేజును ఇనప్పెట్టెలో దాచుకుని కూర్చున్నాడు.

తండ్రి పోయాక చిలకలూరిపేట రోడ్డు పక్కనున్న రెండెకరాలు జక్రయ్యకూ, చెల్లెలు పున్నమ్మకూ ఉమ్మడిగా వచ్చాయి. ఒకే పాసుపుస్తకం, రెండు పేర్లు. ఒక ఏడు రోడ్డువైపు, మరో ఏడు లోపలివైపు, మార్చుకుంటూ చెరో ఎకరం మిరప వేసుకునేవాళ్లు. బోరు మాత్రం అన్న సొంతం. ఆయన తోట తడిశాకే ఆమె తోటకు నీళ్లు. మొగుడు పోయినా ఒంటిచేత్తో సేద్యం చేస్తున్న మనిషి, కోతల వేళకు చెట్లు వాడిపోతుంటే చూస్తూ నిలబడేది. సొంత బోరుకు కరెంటు కావాలంటే విడిగా పాసుపుస్తకం కావాలి, దానికి పంపకం రిజిస్టరవ్వాలి. మూడేళ్లుగా ఆమె అడుగుతున్నది అదొక్కటే.

"తొందరెందుకు అమ్మాయ్? పంపకాల ఫీజు తగ్గిస్తారంట. పైనుంచి కబురు" అనేవాడు జక్రయ్య. ఆ పైన ఏమిటంటే, ఆఫీసు ఎదురుగా అల్లాబక్షు టీ బంకు.

చివరికి ఆమె పోరు పడలేక జనవరి మూడో తేదీన రాశాడు. రాయడమంటే మామూలు రాతా! మా వైపు పంపకాల్లో ఒక కట్టుబాటుంది: పెద్దవాడు ముక్కలు చెయ్యాలి, చిన్నవాళ్లు ఏరుకోవాలి. వందల కుటుంబాలకు ఆ నీతి చెప్పి రాతకూలి పుచ్చుకున్న జక్రయ్య, తన దగ్గరికొచ్చేసరికి ముక్కలూ తానే చేశాడు, ఏరుకోవడమూ తానే చేశాడు. రోడ్డువైపు ఎకరం తనకు, లోపలిది చెల్లెలికి. రోడ్డు పక్క నేలకు రేపెంత ధర వస్తుందో లా పాయింటుకు తెలియదూ!

పున్నమ్మ ఆ కాయితం చదవలేదు. "రాసింది అన్నే కదా" అని సంతకం పెట్టేసింది.

ఆ సంతకం చూశాకే ఆయనకు భయం పట్టుకుంది. రిజిస్ట్రారు ఇద్దరినీ నిలబెట్టి హద్దులు చదివి, సమ్మతమేనా అని అడుగుతాడు. అప్పుడు పున్నమ్మ వింటుంది. వరండా అంతా వింటుంది. అందుకే కాయితం పెట్టెలోకి, ఫీజు తగ్గుతుందన్న మాట నోట్లోకి వెళ్లాయి.

మే ఇరవై రెండున పున్నమ్మ ఆఫీసుకే వచ్చేసింది. చేతిలో వేళ్లతో సహా ఎండిపోయిన మిరప చెట్టు. దాన్ని తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"మూడో కోత లేకుండా పోయింది అన్నా. ఇవాళ రిజిస్టరు చేయిస్తావా, నన్నే లోపలికెళ్లి అడగమంటావా?"

ఇంటికెళ్లి పెట్టె తెరవక తప్పలేదు. సబ్ రిజిస్ట్రారు రామాంజనేయులు హద్దులు చదువుతుంటే జక్రయ్య చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"రోడ్డువైపు ఎకరం మీ అన్నగారికి, లోపలిది మీకు. సమ్మతమేనా అమ్మా?"

"నాక్కావలసింది లోపలిదేనండి" అంది పున్నమ్మ. "రోడ్డువైపు లారీల దుమ్ము, మేకల బెడద. ఆ వైపు వేసిన ఏడు కాపలాకే సరిపోద్ది."

జక్రయ్య నోరు తెరుచుకుని చెల్లెలి వైపు చూశాడు.

రామాంజనేయులు కాయితం తిప్పి తేదీ చూశాడు. "జక్రయ్యగారూ, సంతకాలు జనవరి మూడున పెట్టారు. నాలుగు నెలల్లోపు తేవాలి గదా?"

వచ్చిన ప్రతివాడికీ జక్రయ్య వేలు చూపించి మరీ చెప్పే మాట అది.

"ఫీజు తగ్గుద్దని చూశామండి. తమరు కాస్త దయతలచి..."

"ఫీజు తగ్గించాలన్నా పెంచాలన్నా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. నేను పైసా మార్చలేను. వస్తుందనుకున్న ఉత్తర్వును నమ్ముకుంటే గడువు ఆగదు. నేను ఇక్కడ గుమాస్తాగా చేరిన కొత్తలో ఈ ముక్క నాకు నేర్పింది మీరే." ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "జిల్లా రిజిస్ట్రారు గారికి అర్జీ పెట్టుకోండి. అపరాధ రుసుం పడుతుంది. ఆలస్యానికి కారణం స్పష్టంగా రాయండి."

వరండాలో బల్ల ముందు కూర్చున్నాడు జక్రయ్య. ఎండిన చెట్టు ఇంకా అక్కడే ఉంది. ఇరవై రెండేళ్లలో ఇలాంటి అర్జీలు ఎన్ని రాశాడో! గుండ్రాయిలాంటి మనుషులకు కామెర్లు తెప్పించాడు. బతికున్న అత్తగార్లను రెండేసిసార్లు చంపాడు. ఇవాళ మాత్రం పెన్ను కదలడం లేదు. తాను మూడేళ్లు దొంగలా కాపలా కాసింది ఎవరూ అడగని ఎకరానికి.

"ముందే చెప్పొచ్చు కదే, లోపలిదే కావాలని" అన్నాడు, తప్పు ఆమెదైనట్టు.

"నువ్వడిగితే గదా అన్నా."

జక్రయ్యకు సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ పడనంత సిగ్గు. తలెత్తకుండా రాయడం మొదలుపెట్టాడు.

"ఏం రాశావు?" అంది పున్నమ్మ. "ఈసారి చదివి వినిపించు. వినకుండా సంతకం పెట్టను."

జక్రయ్య గొంతు సవరించుకున్నాడు. పక్క బల్లల వాళ్లు కూడా చెవులొగ్గారు. ఎప్పుడూ రాగం తీసి చదివేవాడు, ఇవాళ ఒక్కో ముక్కా మెల్లగా చదివాడు.

"ఆలస్యానికి కారణం: దస్తావేజు రాసిన జక్రయ్య అను నేను, నా చెల్లెలు పున్నమ్మను ఏ ముక్క కావాలని ఒక్కసారైనా అడగకపోవడం."

పున్నమ్మ బల్ల మీది ఎండిన చెట్టును ఆయన ముందుకు జరిపింది.

"ఇందువల్ల నా తోట ఎండిపోయిందని కూడా రాయి" అంది. జక్రయ్య రాశాడు. అప్పుడు పెన్ను అందుకుని సంతకం పెట్టింది.