నల్ల రంగు మీద గుండ్రటి గీతలు

నల్ల కారు కొనవద్దని మా బామ్మర్ది మొదట్లోనే చెప్పాడు. కార్లకు పాలిష్ పట్టే షెడ్డు వాడిది. నల్ల రంగు ఏ తప్పునూ కడుపులో దాచుకోదట. నేను వినలేదు. ఒకరు చెబితే వినే రకాన్ని కాను.

ఈ గీతల సంగతి బయటపడేనాటికి నా ఉద్యోగం పోయి రెండు నెలలు. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవాణ్ణి. నాలుగు వీధులు తిప్పి, మూతపడిన గోదాము గోడ నీడలో కారు ఆపేవాణ్ణి. ఆ తర్వాత ఏం చేయాలి? పేపరు అరగంటలో అయిపోయేది. సీట్లో కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు, దిగితే మనసు ఊరుకోదు. కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతూ, చేతికి ఏదో ఒక పని ఉండాలని పాత బనీను గుడ్డతో దాన్ని తుడిచేవాణ్ణి. మళ్ళీ దుమ్ము పడేది. మళ్ళీ తుడిచేవాణ్ణి. చూసినవాళ్ళు కారంటే ప్రాణం పెట్టే మనిషి అనుకుని ఉంటారు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం మా ఆవిడ బానెట్ దగ్గర ఆగిపోయింది. సాలెగూడు పట్టినట్టుందేమిటని అడిగింది. నిజమే. ఎండ తళుక్కుమన్న చోటల్లా దాని చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు, గుండ్రంగా, వందలకొద్దీ. నీడలో నిలబడి తుడిచినవాడికి అవెలా కనిపిస్తాయి? నేనేదో సర్దిచెప్పేలోపే ఆమె తమ్ముడికి ఫోన్ చేసేసింది. గంటలో ముగ్గురం షెడ్డులో ఉన్నాం.

బామ్మర్ది టార్చి వేసి ప్రతి తలుపూ చూశాడు. గీతలు పడింది రంగుకు కాదు, రంగు మీదుండే గాజులాంటి పూతకట. పొడి గుడ్డ కింద దుమ్ము నలిగి గరుకు కాగితంలా గీస్తుందట. ముందు నీళ్ళు ధారగా కొట్టి దుమ్ము వదలగొట్టాలి, సబ్బునీళ్ళకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్ పెట్టుకోవాలి, చెయ్యి గుండ్రంగా తిప్పకూడదు. పాలిష్ పట్టడమంటే ఆ పూతనే కాస్త అరగదీయడం కాబట్టి మాటిమాటికీ కుదరదన్నాడు. ముందు ఆ తుడిచే చెయ్యి ఆగాలి, ఎవరు తుడుస్తున్నారని అడిగాడు.

"మా ఆఫీసు వాచ్‌మన్," అన్నాను. నోట్లోంచి అలా ఊడిపడింది.

ఆ పెద్దాయన నా కారును వేలితో కూడా ముట్టుకోలేదు. నేను చివరిసారి బయటికి వచ్చిన రోజు గేటు తీసి, వెళ్ళొస్తారా సార్ అని పలకరించింది ఆఫీసు మొత్తానికి ఆయనొక్కడే. నా మీద నాకే రోత పుట్టింది.

బామ్మర్దికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. పాపం తెలియక చేస్తున్నాడు, రేపు నాతో ఆఫీసుకు వచ్చి, బకెట్లూ మెత్తటి గుడ్డలూ ఇచ్చి, దగ్గరుండి నేర్పిస్తానన్నాడు. మా ఆవిడ ఆ ముక్క పట్టుకుంది. తనూ వస్తుందట, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా ఆఫీసు చూడలేదట. రేపు పనెక్కువన్నాను. ఆయన సెలవులో ఉన్నాడన్నాను. సెలవులో ఉంటే నిన్నటి గీతలు ఎవరు పెట్టారని వాడు నవ్వాడు. అక్కాతమ్ముళ్ళు ఎన్నింటికి బయల్దేరాలో మాట్లాడుకుంటున్నారు. నేను షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను.

"ఇటు చూడక్కా," అన్నాడు వాడు. "రోజుకోసారి తుడిస్తే ఇన్ని పడవు. ఆయన పొద్దస్తమానం ఇదే పని మీదున్నట్టున్నాడు. ఇక గేటెప్పుడు కాస్తాడో."

"వాచ్‌మన్ కాదురా. నేనే," అన్నాను.

వేళాకోళం అనుకుని ఇద్దరూ నవ్వారు. ముందు నవ్వు ఆపింది మా ఆవిడ.

"రోజుకెంతసేపు తుడుస్తున్నారు?"

"తొమ్మిదింటి నుంచి ఐదింటి దాకా."

బామ్మర్ది తల దించుకున్నాడు. ఎందుకు చెప్పలేదని మా ఆవిడ అడుగుతుందనుకున్నాను, దానికి జవాబు కూడా వెతుక్కుంటున్నాను.

"మరి మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటున్నారండీ?" అంది.

"కార్లోనే," అన్నాను. రెండు నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.