పందొమ్మిది దాకా నా పరువు

నేను ఒక సంఖ్యను. 510511. మొదటి ఏడు ప్రధాన సంఖ్యలను, అంటే 2, 3, 5, 7, 11, 13, 17లను గుణించి చివర ఒకటి కలిపితే పుడతాను. ఆ చివరి ఒకటే నా గర్వం. ఆ ఏడింటిలో దేనితో భాగించినా శేషం ఒకటి మిగులుతుంది. అందుకే లెక్కల మాస్టార్లు ఎన్నో బోర్డుల మీద నన్ను పుట్టించి, కొత్త ప్రధాన సంఖ్య అని మెచ్చుకుని, డస్టరుతో తుడిచేస్తుంటారు. తరచి చూసే ఓపిక మనుషులకు తక్కువ. అది నాకు కలిసొచ్చింది.

బెజవాడలో ఒక జూనియర్ కాలేజీలో హైమవతి నన్ను రాసింది. ఉద్యోగం కోసం డెమో క్లాసు. అలాంటి క్లాసులో పిల్లలుండరు, పెద్ద లెక్చరర్లే విద్యార్థుల్లా బెంచీల మీద కూర్చుంటారు. అంతకుముందు రెండు కాలేజీలు ఆమెను వద్దన్నాయి. ఇదీ పోతే పాఠాలు మానేసి అన్నయ్య బట్టల కొట్లో కూర్చోవాలి.

ప్రధాన సంఖ్యలకు అంతం లేదని నిరూపించడం ఆనాటి పాఠం.

"ఈ ఏడే ఉన్నాయనుకుందాం. వీటిలో ఏదీ దీన్ని భాగించదు. కాబట్టి ఇదే కొత్త ప్రధాన సంఖ్య" అంది.

ముందు బెంచీలో ఉన్న పరంధామయ్య గారు తలూపారు. గణిత శాఖకు పెద్ద ఆయనే, ఉద్యోగం తేల్చేదీ ఆయనే.

"బాగా చెప్పావమ్మా. నేనూ ముప్పయ్యేళ్ల నుంచి ఇట్టాగే చెప్తన్నా. ఇంక చాల్లే."

ఆమె డస్టరు అందుకుంది గానీ చెరపలేదు. నావైపే చూస్తూ నిలబడి, పక్కన పందొమ్మిది వేసి భాగించడం మొదలుపెట్టింది. వద్దు తల్లీ, ఆయన ఒప్పుకున్నాడుగా, వెళ్లి కూర్చో అని అరవాలనిపించింది. అంకె వెనక అంకె దిగుతోంది. 26869. శేషం సున్నా.

నోరు విప్పితే ఆయన ముప్పయ్యేళ్ల పాఠం తప్పవుతుంది. విప్పకపోతే ఉద్యోగం ఖాయం.

"సార్, నేను తప్పు చెప్పానండీ. ఇది ప్రధాన సంఖ్య కాదు. కానీ పందొమ్మిది మన ఏడింటిలో లేదు కదండీ. కొత్త ప్రధాన సంఖ్య దీని లోపలే దొరికింది. నిరూపణకి ఏం కాలేదు సార్."

పరంధామయ్య గారి మొహం మాడిపోయింది. లేచి వచ్చి, ఆమె చేతిలోని సుద్దముక్క తీసుకుని తానే భాగించారు. సున్నా. కింద మళ్లీ చేశారు. మళ్లీ సున్నాయే. సుద్దముక్క బల్ల మీద పెట్టి తలుపువైపు నడిచారు. అయిపోయిందనుకున్నాను. ఆయన తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, తన బెంచీలోనే కూర్చున్నారు.

"మొదట్నించీ చెప్పమ్మా" అన్నారు, పెన్ను తీస్తూ. "ఈసారి రాసుకుంటా."

ఆమె చెప్పింది. నన్ను 19, 97, 277 అని మూడు ముక్కలు చేసి రాసింది. ప్రధానమన్న బిరుదు పోయినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఇన్నాళ్లూ మెచ్చుకున్నవాళ్లలో నా లోపల ఏముందో చూసింది ఆమె ఒక్కతే.

పాఠం ముగించి ఆమె డస్టరు ఎత్తింది.

"చెరపమాకమ్మా" అన్నారు పరంధామయ్య గారు. "రేప్పొద్దున పిల్లలకి నువ్వే చెప్పాలి."