సగం కత్తిరించిన మాట

కుట్టు మాస్టారి కొలతల పుస్తకంలో ప్రతి కాగితానికీ ముందువైపు ఎవరెవరి నడుములో, భుజాలో ఉండేవి. వెనకవైపు ఆయన భార్య మాటలుండేవి.

ఆవిడ ఆయన మిషను పక్కనే పీట వేసుకుని ముప్ఫయ్యేళ్లు కాజాలు కుట్టింది. రేడియో దాని మానాన అది పాడేది, ఆవిడ మానాన ఆవిడ తీర్పులు చెప్పేది. సంగీతం నేర్చుకున్న మనిషేం కాదు. "ఈ అబ్బాయి ప్రేమించమని అడుగుతున్నట్టు లేదండీ, బస్సు ఆపమని అరుస్తున్నట్టుంది" అనేది ఒకసారి. "పల్లవి కొత్త గుడ్డ, చరణాలు పాత అతుకులు" అనేది ఇంకోసారి. మాస్టారు నవ్వాపుకుంటూ, చెవిమీది పెన్సిలు తీసి, చేతికందిన కాగితం వెనక రాసుకునేవారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. అప్పట్నించీ కొట్లో రేడియో పెట్టలేదు.

ప్యాంటు పొడవు తగ్గించుకోడానికి ఒక పుస్తకాల ప్రచురణకర్త వచ్చాడు. మాస్టారు కొలత వెతుకుతుంటే కాగితాల వెనక అతని చూపు పడింది. నిలబడ్డచోటే ఇరవై పేజీలు చదివేశాడు.

"మాస్టారూ, దీన్ని పుస్తకం వేద్దాం!"

"మా ఆవిడ పేరు వేస్తారా మరి?"

"రాసింది మీరు కదా. దర్జీ రాశాడంటే జనం ఎగబడి కొంటారు."

మాస్టారికి మొహమాటం ఎక్కువ. కాదనలేకపోయారు. పుస్తకం అచ్చయి వచ్చాక బల్లమీద పెట్టుకున్నారు గానీ తెరవలేదు. తెరిస్తే ఆవిడ గొంతు వినిపిస్తుందని భయం.

నెల తిరక్కుండా ఒక పత్రిక అందులోంచి ఒక్క ముక్క తీసి వేసింది. పేరుమోసిన గాయని నలభై ఏళ్ల కిందట పాడిన విషాదగీతం గురించి అది. ఆ పాటకి కళ్లు తడవని ఇల్లు లేదంటారు. పుస్తకంలో ఏముందీ అంటే, "ఈవిడ ఏడవట్లేదు. జలుబు చేసింది."

తేనెతుట్టె మీద రాయి పడ్డట్టయింది. గుడ్డలు కుట్టుకునేవాడికి గొంతుల సంగతేం తెలుసని అభిమానులు ప్రచురణకర్త ఆఫీసు ముందు బైఠాయించారు. పుస్తకాల షాపులవాళ్లు కట్టలు వెనక్కి పంపారు. ముగ్గురు ఖాతాదార్లు మాస్టారి దగ్గరికొచ్చి, కుట్టమనిచ్చిన గుడ్డలు కుట్టకుండానే పట్టుకుపోయారు.

ప్రచురణకర్త క్షమాపణ ఉత్తరం తనే రాసి తెచ్చాడు. "సంతకం పెట్టండి మాస్టారూ. మలిముద్రణలో ఆ ముక్క ఎత్తేద్దాం."

"పెట్టెయ్యి నాన్నా," అంది కూతురు. పోస్టాఫీసులో పనిచేసే పిల్ల, ఆ పూట సెలవుపెట్టి వచ్చింది. "అమ్మ ఉంటే తనే పెట్టమనేది."

"మీ అమ్మ ఏమందో ముందు చూడనీ," అని మాస్టారు మొదటిసారి పుస్తకం తెరిచారు. చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. లేచి కొలతల పుస్తకం తెచ్చి పక్కన పెట్టారు.

"ఇందులో సగమే ఉందేం?"

ప్రచురణకర్త తల దించుకున్నాడు. "పొట్టిగా ఉంటే పేలుతుందని... మిగతాది నేనే తీసేశాను."

మాస్టారు జన్మలో ఎవర్నీ కసిరి ఎరగరు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. "ఒంటికాలు ప్యాంటు కుట్టిస్తే మీరు తొడుక్కుంటారా బాబూ?" అన్నారు. సంతకం మాత్రం పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే కొలతల పుస్తకం చంకన పెట్టుకుని, కూతుర్ని తోడు తీసుకుని, రెండు బస్సులు మారి ఆ గాయని ఇంటికి వెళ్లారు. తలుపు ఆవిడే తీసింది. డెబ్భై దాటిన మనిషి, భుజాలచుట్టూ శాలువా. తామెవరో చెప్పగానే ఎగాదిగా చూసింది.

"మీరేనా నాకు జలుబు తెప్పించింది?"

కూతురు ఒకడుగు వెనక్కి వేసింది.

"నేను కాదమ్మా, మా ఆవిడ," అన్నారు మాస్టారు. "పోయింది. నేను క్షమాపణకి రాలేదు. ఆవిడ మాట మీరు పూర్తిగా చూడాలని వచ్చాను."

గాయని లోపలికి పిలిచి, కళ్లజోడు పెట్టుకుని చదివింది. "ఈవిడ ఏడవట్లేదు. జలుబు చేసింది. ముక్కు దిబ్బడేసినా ఒక్క మాట జారనివ్వలేదు, మహాతల్లి! పాడించుకున్నవాళ్లు కాసిని వేడినీళ్లయినా ఇచ్చారో లేదో."

అదే ముక్క ఇంకోసారి చదివింది. తలెత్తాక ఆవిడ గొంతు మెత్తబడింది.

"ఆ రోజు నాకు నూటరెండు జ్వరం. రేపు పాడతానని బతిమాలాను. ఆ గొంతయితేనే ఏడుపు బాగుందన్నారు. నలభై ఏళ్లుగా అందరూ నా ఏడుపుని మెచ్చుకున్నవాళ్లే మాస్టారూ. ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగింది మీ ఆవిడొక్కతే. అదీ నాకు ఇప్పటికి చేరింది."

తర్వాత ఆవిడ పుస్తకం వదల్లేదు. ఒకచోట నవ్వింది, ఒకచోట చెంప మీద చెయ్యేసుకుంది. "పైస్థాయికి మెట్లెక్కలేదు, గోడ దూకింది అట! ఇది మాత్రం ఒప్పుకోను," అని ఉడుక్కుంది. నాలుగు పేజీలు తిప్పాక, "దూకానేమోలే కాస్త," అని సర్దుకుంది.

"ఆవిడ తప్పుపట్టని పాటే లేదా?" అనడిగింది చివరికి.

"ఒకటుందమ్మా. అదొస్తే సూది ఆపేసేది. అయ్యేదాకా పలికేది కాదు."

"ఏ పాట?"

మాస్టారు ఇబ్బందిగా చొక్కా అంచు సవరించుకున్నారు. "తెలీదు. నేను పాట వినేవాణ్ణి కాదు. ఆవిడ వంకే చూస్తుండేవాణ్ణి."

కూతురు చప్పున కిటికీ వైపు తిరిగింది. నాన్న నోట అలాంటి మాట ఆ పిల్ల ఎన్నడూ వినలేదు.

గాయని ఆ వారమే పత్రికకి ఉత్తరం రాసి, జ్వరం సంగతి చెప్పి, మాట మొత్తం అచ్చువేయించింది. గొడవ చల్లారింది. గుడ్డలు పట్టుకుపోయిన ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు. మూడోవాడు ఇప్పటికీ ఎదురుపడితే పక్కసందులోకి తిరుగుతాడు. ప్రచురణకర్త సిగ్గుపడి, కత్తిరించినవన్నీ అతికి, అట్టమీద మాస్టారి భార్య పేరు పెద్దక్షరాల్లో వేసి మళ్లీ అచ్చువేశాడు.

కొత్త కాపీ వచ్చిన రోజున మాస్టారు మిషను ఆపి, కూతురికి మొదటి పేజీనుంచీ పైకి చదివి వినిపించడం మొదలుపెట్టారు. నాలుగో పేజీలో ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కూతురు పుస్తకం అందుకుని, పీట దగ్గరికి లాక్కుని కూర్చుని, మిగతాది తను చదివింది.